ఎద్దు సంగతి యజమానికి చెప్పారా?

ఎవరైనా కొత్త ఇల్లు కట్టుకుంటే దాని కప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలన్నది మోషే ధర్మశాస్త్రంలోని ఒక ఆజ్ఞ (ద్వితీయోపదేశకాండం 22:8). పైనుంచి మనిషి పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుందని దేవుడు హెచ్చరించాడు. ఆ కాలపు ఇళ్లకు చదునైన కప్పులుండేవి. రాహాబు జనుపకట్టె పరిచింది మిద్దె మీదే, పేతురు ప్రార్థన చేసుకోవడానికి ఎక్కిందీ మిద్దె మీదికే. మనుషులు మసలే చోటు గనుక గోడ ఉండి తీరాలి. పడినవాడు ఇంటివాడా, చుట్టమా, అద్దెకున్నవాడా అన్న ప్రశ్న ఆ ఆజ్ఞలో లేదు. ఇల్లు ఎవరిదైతే బాధ్యత వారిదే.

మా వీధిలో ఒక మేడ ఉంది. యజమాని కుటుంబంతో అమెరికాలో స్థిరపడి చాలా ఏళ్లయింది. ఇల్లు ఒక బ్రోకరు చేతిలో ఉంది. కింది వాటాలో ఒక చిన్న కుటుంబం, పై వాటాలో భవన నిర్మాణ పనులకు ఒడిశా నుంచి వచ్చిన ఎనిమిదిమంది కుర్రాళ్లు అద్దెకుంటున్నారు. అద్దె నెలనెలా ఖాతాలో పడుతుంది, ఇల్లు మాత్రం నెలనెలా పాడవుతోంది. సెప్టిక్ ట్యాంకు నిండి మురుగు వీధిలోకి పారేది. డాబా మీది నీళ్ల ట్యాంకుకు మూత ఉండేది కాదు. పిట్టగోడ ఒకవైపు కూలిపోయింది. పోయిన వర్షాకాలంలో వీధిలో ఇద్దరు పిల్లలు డెంగీతో ఆస్పత్రి పాలయ్యారు. ఒక పాపకు ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి, ఐదు రోజులు వీధి వీధంతా బిక్కుబిక్కుమంటూ గడిపాం. డెంగీ దోమ నిలవ ఉన్న శుభ్రమైన నీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. ఆ పాపను కుట్టిన దోమ ఏ ఇంట్లో పుట్టిందో ఎవరూ చెప్పలేరు. కానీ మూతలేని ట్యాంకు అందరికీ కనిపిస్తూనే ఉంది.

వీధివాళ్లమంతా కూర్చున్న రోజున కోపమంతా ఆ కుర్రాళ్ల మీదికే మళ్లింది. వాళ్లను ఖాళీ చేయిస్తే పీడ వదులుతుందన్నారు కొందరు. అప్పుడు ఒక పెద్దాయన, ‘సెప్టిక్ ట్యాంకు ఆ పిల్లలు కట్టించారా బాబూ?’ అని అడిగారు. కుర్రాళ్లను పిలిచి మాట్లాడితే, వాళ్లకొచ్చిన కాస్త తెలుగులోనే చెప్పారు: ‘బ్రోకర్‌కి నాలుగుసార్లు చెప్పాం సార్. ఉంటే ఉండండి, లేకపోతే పొండి అన్నాడు.’

నిర్గమకాండంలో పొడిచే ఎద్దు గురించిన నియమం ఒకటుంది (21:28-30). ఎద్దు ఒకరిని పొడిచి చంపితే ఎద్దును చంపాలి, యజమాని నిర్దోషి. అయితే ఆ ఎద్దుకు అంతకుముందే పొడిచే అలవాటుండి, ఆ సంగతి యజమానికి తెలియజేసినా అతను దాన్ని కట్టడి చేయకపోతే, అతనూ ప్రాణానికి ప్రాణం బాకీపడతాడు, లేదా విధించిన పరిహారం చెల్లించాలి. ఆ నియమమంతా ఆ ‘తెలియజేయడం’ మీదే ఆధారపడి ఉంది. మా వీధిలో అందరికీ అన్నీ తెలుసు. తెలియనిది యజమానికే. ‘అంతా బాగానే ఉందండీ’ అని బ్రోకరు ఆయనకు చెబుతూ వచ్చాడు.

దూరంగా ఉండటం దానికదే తప్పు కాదు. యేసుప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలోని యజమానీ దూరదేశం వెళ్లినవాడే (మత్తయి 21:33). కానీ వెళ్లేముందు తోట చుట్టూ కంచె వేయించాడు, తొట్టి తొలిపించాడు, గోపురం కట్టించాడు. ఆ తర్వాతే గుత్తకిచ్చాడు.

సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీయిస్తే యజమాని పేరు తెలిసింది. పక్క ఊళ్లో ఉన్న ఆయన మేనత్తగారి ద్వారా ఫోన్ నంబరు దొరికింది. ముందు ఒక్కరే మాట్లాడాలి, వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులతో వెళ్లాలి, ఆ పైన సంఘానికి చెప్పాలి అన్నాడు ప్రభువు (మత్తయి 18:15-17). అది సంఘంలోని సహోదరుల గురించి చెప్పిన మాటే అయినా ఆ వరుస వీధికీ పనికొస్తుంది. మొదట ఒక్కరే ఫోన్ చేశారు. తర్వాత మూడు కుటుంబాలవాళ్లం సంతకాలు చేసి, తేదీలతో, ఫొటోలతో ఉత్తరం రాశాం. ఎవరి గుణగణాలూ రాయలేదు. మురుగు ఎప్పటినుంచి పారుతోందో, ట్యాంకుకు మూత ఎప్పటినుంచి లేదో, గోడ ఎంత మేర కూలిందో అంతే రాశాం. ఒక ప్రతి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచాం.

అప్పటికీ పలకని యజమానుల కోసం చట్టంలో దారి ఉంది. ఇలాంటి ఉపద్రవాన్ని తొలగించమని ఆదేశించే అధికారం ఆర్డీవోకు ఉంటుంది. పూర్వం అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణవాసులు మురుగుకాలువల కోసం ఆ పాత సెక్షన్ కిందే మున్సిపాలిటీ మీద పోరాడారు. డబ్బు లేదన్న సాకు చెల్లదని 1980లో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పిచ్చింది.

మాకు అంతదాకా వెళ్లే పని పడలేదు. ఉత్తరం అందాక యజమానే ఫోన్ చేశారు. ముందు చాలా కోపంగా, ‘ఆ కుర్రాళ్లను రేపే ఖాళీ చేయిస్తాను’ అన్నారు. వద్దండీ, రేపొచ్చేవాళ్లకూ అదే ట్యాంకు కదా అన్నాం. గోడలకు తెగులు పట్టిన ఇంటి గురించి లేవీయకాండం 14వ అధ్యాయంలో ఉంది. ఇంటి యజమానే వెళ్లి యాజకునికి చెప్పాలి. పాడైన రాళ్లు ఊడదీసి, కొత్తవి పెట్టి, మళ్లీ గిలాబా చేయించాలి. అక్కడ మార్చమన్నది రాళ్లను. పైగా పొట్ట చేతపట్టుకుని పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లలు, వాళ్లను వీధిన పడేసి మనం సాధించేదేముంది?

వారం తిరక్కుండా సెప్టిక్ ట్యాంకు తోడే బండి వచ్చింది. నీళ్ల ట్యాంకుకు మూత వచ్చింది. బ్రోకరు మా ఎవరితోనూ మాట్లాడటం లేదు, అది పెద్ద నష్టమేమీ కాదు. పిట్టగోడ మాత్రం ఇంకా అలాగే ఉంది. కుర్రాళ్లలో ఇద్దరు తాపీ పనివాళ్లు. ఇటుకలు, సిమెంటు ఇప్పిస్తే ఆదివారం తామే కట్టేస్తామన్నారు. ఆ ఖర్చు, వాళ్ల కూలి కలిపి లెక్కవేసి యజమానికి పంపాం. జవాబు వచ్చేదాకా డాబాకు ఆ పక్కన అడ్డంగా తాడు కట్టించాం.