ఏడుపుకు రుజువు అడిగేది ఎవరు?

దళితుల మీద దాడి జరిగిన ప్రతిసారీ, యూనివర్సిటీలో మన విద్యార్థి ఒకరు ప్రాణం తీసుకున్న ప్రతిసారీ ఫేస్‌బుక్, వాట్సాప్ నిండా కన్నీళ్లే. నాలుగు రోజులు తిరక్కుండానే ఇంకో మాట మొదలవుతుంది: ఇదంతా లైకుల కోసం ఏడుపు అని. ఈ మాట అనేవాళ్లు అవతలి పక్షంలోనే లేరు. మన కార్యకర్తలూ అంటున్నారు, పాఠాలు చెప్పే మిత్రులూ అంటున్నారు. నిజమైన దుఃఖం గుట్టుగా ఉంటుందనీ, పదిమందిలో పెట్టేది నటన అనీ వీళ్ల నమ్మకం. ఈ నమ్మకంలో ఎంత కులం ఉందో ఇక్కడ చర్చకు పెట్టదలిచాం.

ముందు మన వాడల సంగతి చూద్దాం. మాలపల్లెలో గానీ మాదిగగూడెంలో గానీ చావు జరిగితే ఎవరూ తలుపేసుకుని ఏడవరు. ఆడవాళ్లు శవం చుట్టూ చేరి, ఒకరి మెడ మీద ఒకరు చేతులేసుకుని రాగం తీసి ఏడుస్తారు. తెలంగాణలో దీన్ని శోకండాలు పెట్టడం అంటారు. ఆ ఏడుపులో పోయినవాడి మంచితనం ఉంటుంది, వాడి తాగుడు మీద తిట్టూ ఉంటుంది. ఎవరి దగ్గర అప్పు పడ్డాడో, ఆస్పత్రిలో ఎవరు పట్టించుకోలేదో కూడా అందులోనే బయటికొస్తుంది. పొరుగూరి నుంచి వచ్చే చుట్టం బస్సు దిగి మామూలుగా మాట్లాడుకుంటూ వస్తుంది, వాడ మొదట్లోకి రాగానే గొంతెత్తుతుంది. దీన్ని నటన అందామా? ఆమె రాకపోతే తప్పు, వచ్చి నోరు విప్పకపోయినా తప్పే. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1912లో, ఆయన మేనల్లుడు మార్సెల్ మాస్ 1921లో ఆస్ట్రేలియా ఆదివాసుల చావు ఆచారాలను ఆధారం చేసుకుని చెప్పింది ఇదే. సంతాపం అంటే లోపలి బాధ దానంతటది పొంగి బయటపడటం మాత్రమే కాదు, గుంపు తన మనుషుల మీద పెట్టే బాధ్యత కూడా. బాధ్యత అయినంత మాత్రాన అది అబద్ధం అయిపోదు. మన ముసలమ్మలకు ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

కాబట్టి ఏడుపు చూపించటం కొత్త జబ్బు కాదు, ఫోన్లతో వచ్చిందీ కాదు. అయితే ఎవరి చావుకు ఎవరు ఏడవాలన్నది ఎప్పుడూ కులమే తేల్చింది. ఊళ్లో పెద్దరైతు ఇంట్లో చావు జరిగితే కబురు మోసుకుని ఊరూరా తిరిగిందీ, గొయ్యి తీసిందీ, కట్టెలు మోసిందీ మనవాళ్లే. డప్పు కొట్టింది మాదిగలు. ఆ ఇంటివాళ్ల దుఃఖం ఎంతటిదో ఊరికి తెలిసింది మన చేతుల మోతతో. మన ఇంట్లో పీనుగ లేచిన రోజున మాత్రం ఊరి పనులేవీ ఆగవు. (శ్మశానానికి దారి ఇమ్మని శవాన్ని రోడ్డు మీద పెట్టుకుని కూర్చునే స్థితి ఈ రోజుకీ పోలేదు.) మహాశ్వేతాదేవి 'రుదాలి' కథలో సనీచరి సొంత కొడుకు పోయినప్పుడు కూడా ఏడవలేకపోతుంది. తర్వాత మాలిక్‌ల ఇళ్లలో చావులకు కూలికి ఏడుస్తుంది. కల్పనా లాజ్మీ 1993లో ఈ కథను సినిమాగా తీసింది. తన చావుకు ఏడ్చే తీరిక లేని మనిషి కన్నీళ్లకు ఇంకొకరి చావులో మాత్రం ధర కట్టారు. ఇక్కడ అసలు ఏడుపు ఏది, నటన ఏది అని అడగటమే అన్యాయం. ఆ కన్నీళ్లు ఎవరి లెక్కలోకి వెళ్తున్నాయి అని అడగాలి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన దండోరా ఆ డప్పునే ఉద్యమంలోకి తెచ్చినప్పుడు లెక్క తిరగబడింది. వాయిద్యం అదే, మోసే చేతులూ అవే.

ఇప్పుడు రోహిత్ వేముల విషయానికి వద్దాం. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అతను చనిపోయాడు. అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కు చెందిన ఐదుగురు పరిశోధక విద్యార్థుల్ని హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టాక వాళ్లు ఆరుబయట వేసుకున్న గుడారానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారని అందరికీ తెలుసు. రోహిత్ తన ఉత్తరంలో అంత్యక్రియలు నిశ్శబ్దంగా జరగాలనీ, తనకోసం కన్నీళ్లు పెట్టొద్దనీ కోరాడు. వేలమంది అందుకు విరుద్ధంగా చేశారు. తమ ఫొటోలు తీసేసి అతని ఫొటో పెట్టుకున్నారు. అప్పటికి ఫేస్‌బుక్‌లో చావు వార్త కింద నొక్కటానికి 'లైక్' ఒక్కటే ఉండేది, కన్నీటి బొమ్మ వచ్చింది ఆ ఏడాది ఫిబ్రవరి 24న. అంటే ఆ నెల రోజులూ మనం మన బిడ్డ చావును 'ఇష్టపడుతూ' కూర్చున్నాం. వ్యాపారం కోసం కట్టిన ఇంట్లో ఏడ్చేవాళ్లకు ఇట్లాంటి ఇరుకులు తప్పవు.

ఆ ఇరుకుల్లో బయటివాళ్లకు కనపడనిది ఒకటుంది. ఆ జనవరిలో రోహిత్ ఫొటో పెట్టి జై భీమ్ అని రాయటం అంటే చాలామంది దళిత విద్యార్థులకు, కంపెనీల్లో పనిచేసే పిల్లలకు తమ కులం చెప్పుకోవటమే. పక్కసీటు వాడు చూస్తాడు, గైడు చూస్తాడు, అద్దెకిచ్చిన ఇంటాయన చూస్తాడు. అగ్రవర్ణ మిత్రుడు అదే ఫొటో పెడితే అతని మంచితనం పదిమందికి తెలుస్తుంది, పోయేదేమీ లేదు. తన కులానికి సిగ్గుపడుతున్నానని పేజీలకు పేజీలు రాసినవాళ్లూ ఉన్నారు. ఆ సిగ్గు నిజమే కావొచ్చు, దాన్ని తూకం వేయటం మా పని కాదు. ఒకే మాట ఇద్దరు రాస్తే ఒకరికి మెప్పు వస్తుంది, ఇంకొకరు ఇల్లు ఖాళీ చేయాల్సి రావొచ్చు. నిజమా నటనా అన్న ప్రశ్న ఈ తేడాను చూడదు. కాబట్టి ఏమీ రాయకుండా ఉండిపోయిన దళిత విద్యార్థి మనసు రాయి అయిందని ఎవరూ తీర్పు చెప్పకూడదు. సంఘాల్లో కొందరు మిత్రులు హాజరుపట్టీ పట్టుకుని, ఫలానా వాళ్లు ఎందుకు పోస్టు పెట్టలేదని నిలదీస్తున్నారు. ఇది మానుకోవాలి.

జనవరి 22న లక్నోలో, అంబేడ్కర్ పేరున్న యూనివర్సిటీ స్నాతకోత్సవంలో ప్రధాని మోదీ ఒక తల్లి కొడుకును పోగొట్టుకుందని మధ్యలో ఆగి ఆగి మాట్లాడారు. ఆ బాధకు రుజువు చూపించమని ఏ కమిషనూ అడగలేదు. రోహిత్ తల్లి రాధికను మాత్రం రుజువులు అడిగారు. కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ నివేదిక 2017లో బయటికొచ్చింది. చావుకు వ్యక్తిగత కారణాలు అంది, తల్లి మాల అన్న మాటను ఒప్పుకోలేదు. 2024 మేలో తెలంగాణ పోలీసుల మూసివేత నివేదికా రోహిత్ దళితుడు కాదనే అంది. దాని మీద గొడవ లేచాక మళ్లీ విచారిస్తామన్నారు. కొడుకు శవం ముందు ఏడుస్తున్న తల్లిని నీ ఏడుపు ఏ కులపు ఏడుపు, సర్టిఫికెట్ ఏదీ అని అడగటం ఇది. మనలో మనం అసలు ఏడుపు, దొంగ ఏడుపు అని పంచుకుంటూ పోతే చివరికి ఈ కచేరీ గుమ్మం దగ్గరే తేలతాం.

ఇంకో పక్క, ఏడవనివ్వకపోవటం ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్‌లో వాల్మీకి కులపు అమ్మాయి 2020 సెప్టెంబర్ 29న చనిపోతే, ఆ అర్ధరాత్రి దాటాక పోలీసులు శవాన్ని కాల్చేశారు. ఇంటివాళ్లు చివరిచూపు కోసం ఏడుస్తూనే ఉన్నారు. అలహాబాద్ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుని, దానికి గౌరవంగా అంత్యక్రియలు జరిగే హక్కు అన్న పేరే పెట్టింది. ఆ మంట దేశానికి తెలిసింది ఫోన్లలో తీసిన దృశ్యాలతోనే. ఈ మేలును ఎవరూ కాదనలేరు. అయితే అదే వారంలో ఆ అమ్మాయి పేరు, ముఖం మన సానుభూతిపరుల చేతులమీదుగానే దేశమంతా తిరిగాయి. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం. చనిపోయినా సరే పెట్టకూడదని సుప్రీంకోర్టు 2018 డిసెంబర్‌లోనే స్పష్టం చేసింది. అగ్రవర్ణ ఇళ్ల ఆడపిల్లల విషయంలో కాస్తయినా కనపడే జాగ్రత్త దళిత ఆడపిల్ల శవం దగ్గరికొచ్చేసరికి ఎందుకు మాయమవుతుంది? మా అభ్యంతరం ఏడుపు మీద కాదు, ఈ చొరవ మీద. ఆ ఇంటివాళ్లను అడక్కుండా వాళ్ల శవం బొమ్మను వాడుకోవటం, ఊరి పెద్దలు మన చేత డప్పు కొట్టించుకోవటం లాంటిదే.

మాటల విషయంలోనూ కొంచెం చూసుకోవాలి. జీవితమంతా అంబేడ్కర్ దారిలో నడిచి పోయిన కార్యకర్త ఫొటో కింద వరసగా ఓం శాంతి, ఓం శాంతి అని పడుతుంటాయి. ఎవరో పెట్టింది చూసి వేలు అదే నొక్కుతుంది. జోహార్ అన్నా, జై భీమ్ అన్నా పోయినవాళ్లు ఎవరి మనిషో తెలుస్తుంది. శోకండంలో పేరు పెట్టి, వరస పెట్టి పిలిచి ఏడ్చేది ఇందుకే.

గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపితే, శవాల్ని వాడ వెనక పూడ్చలేదు, ఊరి నడిబొడ్డున పూడ్చారు. దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఊళ్లో ఎవరు ఎటు నడిచినా ఆ సమాధులు కళ్లబడాల్సిందే. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నిందితులందర్నీ వదిలేసింది, సమాధులు అక్కడే ఉన్నాయి. దీన్ని ప్రదర్శన అంటే అనండి. 2019లో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వీ చనిపోయాక, ఆమె తల్లి అబేదా, రోహిత్ తల్లి రాధిక కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. ఉన్నత విద్యాసంస్థల్లో కుల వివక్షను ఆపటానికి 2012లో యూజీసీ చేసిన నిబంధనల్ని ఎక్కడెక్కడ అమలు చేశారో లెక్క చెప్పమని అడిగారు.