దాతలకుఁ గృతజ్ఞతఁ దెలుపు విధము

దానము పొందినవారు దాతకుఁ గృతజ్ఞతఁ దెలుపుట లోకమర్యాద. అది మర్యాదతో ముగియక, బహుజనోపయోగమైన యొక కార్యమును నిలువఁబెట్టు సాధన మెట్లగునో, కంప్యూటరు సాఫ్టువేరును నిర్మించి యుచితముగా లోకమున కిచ్చు స్వచ్ఛందసేవకుల యుదాహరణముతో నేఁడు మనవి చేసెదను.

1993వ సంవత్సరమున అమెరికాలో ఇయన్ మర్డాక్ అను విద్యార్థి డెబియన్ అను ప్రయత్నమునకు నాంది పలికెను. కంప్యూటరును నడపు మూలవ్యవస్థను, దానిపైఁ బనిచేయు వేలకొలఁది ప్రోగ్రాములను సమకూర్చి, యెవ్వరైనను వాడుకొనుటకును, మార్చుకొనుటకును, పంచిపెట్టుటకును వీలుగా నిచ్చుట దాని యాశయము. నానాదేశములవారు తీఱికవేళల నీ పనిఁ జేయుచున్నారు. మనవారు రూపొందించిన ‘స్వేచ్ఛ’ యను తెలుఁగు వ్యవస్థకును డెబియనే యాధారము.

సేవకులు తమ బుద్ధిని, శ్రమను దానము చేయుదురు. కాని బుద్ధిమాత్రమున యంత్రము నడువదు. ప్రోగ్రాములను నిలువయుంచు సర్వరు లహోరాత్రములు పనిచేయవలెను. వానికి స్థలము, విద్యుచ్ఛక్తి, చల్లఁదనము, ఇంటర్నెట్టు కావలెను. అందుచేత విశ్వవిద్యాలయములును, వ్యాపారసంస్థలును డెబియన్ ప్రతులను తమ సర్వరులయం దుంచి, సమీపమువారికి శీఘ్రముగా నందఁజేయుచున్నవి. అట్టి ప్రతిస్థానములను ‘మిర్రరు’లందురు.

ఈ సహాయము లేనిచో నేమగును? 2014వ సంవత్సరము జనవరిలో ఓపెన్ బీఎస్డీ యను మఱియొక స్వచ్ఛందసంఘమువారు, యంత్రములకగు విద్యుచ్ఛక్తి వెల 20,000 డాలర్లు సమకూడనిచోఁ బని నిలిచిపోవునని ప్రకటింపవలసివచ్చెను. దూరముననున్న సర్వరులను భద్రముగా నడపుటకై దేశదేశములవారు వాడు ఓపెన్ ఎస్సెస్‌హెచ్ అను సాధనము వారి కృతియే. దానిని నిత్యము వాడువారిలో ననేకులకు, దాని వెనుక దీప మాఱఁబోవుచున్నదని తెలియనే తెలియదు. దాతలు ముందునకు వచ్చి యాదుకొనుటచే నా పని నిలిచినది. ఇచ్చినవారిని గూర్చి లోకమునకుఁ జెప్పనిచో, ఈయవలసిన యవసర మున్నదనియు లోక మెఱుఁగదు.

కృతజ్ఞత యెట్లు చెప్పవలెను? మన పూర్వులు దీనికి మంచి మార్గము చూపిరి. ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనములలోఁ బెక్కింట నఖండదీపముల కిచ్చిన గోవులు, గొఱ్ఱెలు పేర్కొనఁబడినవి. ఎవరిచ్చిరి, ఏమిచ్చిరి, ఎందుల కిచ్చిరి యను మూఁడును దానశాసనములఁ గానవచ్చును. ‘దాత లందఱకు వందనములు’ అని యూరకుండినఁ జాలదు. ‘ఈ విశ్వవిద్యాలయ మొసఁగిన సర్వరుపై నీ పని జరుగుచున్నది’ యని చెప్పవలెను. అట్లు చెప్పిన దాతకుఁ దృప్తి, చదువరికి నమ్మకము, మఱియొకనికిఁ బ్రేరణ కలుగును. డెబియన్‌వారును తమకు యంత్రములను, స్థలమును ఇచ్చినవారి పేరులను ప్రకటించుచున్నారు.

మఱియొక మాట. తన స్వత్వమును విడిచి యితరునకు స్వత్వము కలిగించుటయే దానమని ధర్మశాస్త్రజ్ఞులు నిర్వచించిరి. కావున యంత్ర మిచ్చినవాఁడు పెత్తన మాశింపరాదు. డెబియన్ నాయకుని ఏటేట నెన్నుకొనువారు పనిచేయు సభ్యులే; ఎంత గొప్ప దానము చేసినను దాతృసంస్థలకు వోటు లేదు. పుచ్చుకొన్నవారు ఋణము నొప్పుకొనవలెను గాని స్వాతంత్ర్యము నమ్ముకొనరాదు.

ఉచితముగా లభించినదానికి వెల లేదని తలఁపకుఁడు. ఆ వెల మన కన్నులకుఁ గానరానివా రెవ్వరో చెల్లించుచున్నారు. అట్టి సాఫ్టువేరును వాడు పాఠశాలలవారు, కార్యాలయములవారు ఆ దాతల పేరుల నొకమాఱు చదివి, తామును శక్తికొలఁది సాయపడఁ గోరుచు విరమించుచున్నాను.