నెలకే తేరుకున్నా... మందులు ఆపొద్దు!

పిల్లాడికి తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం వస్తోంది. మొహం పాలిపోయింది. దెబ్బ తగలకుండానే ఒంటి మీద నీలి మచ్చలు. కాళ్లు నొప్పులని రాత్రిళ్లు ఏడుస్తున్నాడు. మీరు సంగంలోనో, పెన్న ఒడ్డున మరో ఊళ్లోనో ఉంటే ముందు టైఫాయిడ్ అనుకుంటారు. చాలాసార్లు అదే కావచ్చు కూడా. కానీ ఇవన్నీ కలిసి కనిపిస్తే సీబీపీ, స్మియర్ పరీక్షలు వెంటనే చేయించండి. జబ్బేమిటో తేలకుండా స్టెరాయిడ్లు మాత్రం వాడొద్దు. అవి లుకేమియాను కొన్నాళ్లు కప్పిపుచ్చుతాయి.

రక్తకణాల్లో తేడా ఉంటే పిల్లల రక్తవ్యాధులు, క్యాన్సర్ల నిపుణులకు చూపించాలి. తలసేమియా, హీమోఫీలియా పిల్లలను చూసేదీ వీళ్లే. మజ్జ పరీక్షతో ఏ రకం లుకేమియానో తేల్చి, బిడ్డ ఎత్తు, బరువులను బట్టి మందుల మోతాదు లెక్కగడతారు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో చాలామందికి నెల రోజుల్లోనే రక్తం మామూలుగా మారుతుంది. బిడ్డ ఆడుకుంటాడు, అన్నం తింటాడు. ఇక తగ్గిపోయిందనుకుని చికిత్స మానేసే ప్రమాదం సరిగ్గా ఇక్కడే.

ఎందుకు మానకూడదో 1948లోనే తెలిసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. ఆ మందు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లే పరిశోధన విభాగం నుంచి వెళ్లిందే. అయితే ఆ ఊరట తాత్కాలికమే అయింది. మిగిలిపోయిన కణాలతో జబ్బు తిరగబెట్టింది. అందుకే ఇప్పుడు పలు మందులు కలిపి రెండు నుంచి మూడేళ్లు వాడతారు. అలా పూర్తిగా వాడిన పిల్లల్లో, సంపన్న దేశాల్లోనైతే, పది మందిలో దాదాపు తొమ్మిది మంది బతుకుతున్నారు.

అమినోప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ మాత్రను చివరి దశలో వారానికి ఒక్కసారే వేయాలి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాంతకం. ఆ రోజేదో క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి.

నాట్లున్నాయనో, ఛార్జీలకు డబ్బుల్లేవనో ఒక విడత వాయిదా వేయాలనిపిస్తే ముందు డాక్టరుకు చెప్పండి. మొహమాటం వద్దు. కొన్ని రక్తపరీక్షలు నెల్లూరులోనే చేయించుకునే వీలుండొచ్చు. ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏం వర్తిస్తుందో ఆస్పత్రిలోని వైద్యమిత్రను అడగండి.

ఇక కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. అర్ధరాత్రయినా సరే బయల్దేరండి, దారిలోనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఆస్పత్రికి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలి.