డెస్క్‌టాప్ ప్రాసెసర్: ఎంపిక, శీతలీకరణ, ఓవర్‌క్లాకింగ్

ప్రాసెసర్ అనగా కంప్యూటరులో గణనలను, తార్కిక నిర్ణయాలను నిర్వహించే ముఖ్యమైన చిప్. దీనినే సి.పి.యు. అని కూడా అంటారు. వాడుకలో కంప్యూటరు పెట్టె మొత్తాన్ని సి.పి.యు. అనడం కద్దు. నిజానికి ఆ పెట్టెలో మదర్‌బోర్డుపై అమర్చిన, సుమారు అగ్గిపెట్టెంత వైశాల్యం గల చిప్ మాత్రమే సి.పి.యు. తయారీదారు నిర్ణయించిన వేగం కంటే ఎక్కువ వేగంతో దీనిని పనిచేయించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. తక్కువ ధర ప్రాసెసర్ నుండి ఎక్కువ ధర ప్రాసెసరంత పని రాబట్టడం దీని ఉద్దేశం. అయితే ఇది ఎంతవరకు లాభిస్తుందన్నది గది ఉష్ణోగ్రతపై, కూలర్‌పై, విద్యుత్ సరఫరాపై ఆధారపడి ఉంటుంది. కావున తిరుపతి, చిత్తూరు వంటి ఎండ ప్రాంతాలలో ఈ లెక్క శీతల దేశాలలోని లెక్కకు భిన్నంగా ఉంటుంది.

వేగానికీ వేడికీ సంబంధం

ప్రాసెసర్‌లోని ట్రాన్సిస్టర్లు క్షణానికి కొన్ని వందల కోట్ల సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఈ క్రియలో ఖర్చయ్యే విద్యుత్తు అంతా చివరకు వేడిగా మారుతుంది. ఈ వేడిలో ప్రధాన భాగం వేగానికి అనులోమానుపాతంలోను, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలోను ఉంటుంది. వేగం పెంచినప్పుడు ప్రాసెసర్ తడబడకుండా ఉండటానికి సాధారణంగా వోల్టేజిని కూడా పెంచవలసి వస్తుంది. వేగాన్ని 10 శాతం, వోల్టేజిని 10 శాతం పెంచినచో వేడి 1.1 × 1.1 × 1.1 = 1.331 రెట్లు, అనగా 33 శాతం ఎక్కువ అవుతుంది. పది పాళ్ళ వేగానికి ముప్పైమూడు పాళ్ళ వేడి అన్నమాట.

చరిత్ర

1971లో వెలువడిన ఇంటెల్ 4004 వేగం 740 కిలోహెర్ట్జ్. ఆ తరువాత మూడు దశాబ్దాలపాటు వేగం పెరుగుతూ వచ్చింది. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ ఓవర్‌క్లాకింగ్‌కు పెట్టింది పేరు. దాని గుణకం 4.5. మదర్‌బోర్డు బస్ వేగాన్ని 66 నుండి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చినచో, 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 450 మెగాహెర్ట్జ్‌తో పనిచేసేది. తక్కువ ధర చిప్ ఖరీదైన చిప్‌తో పోటీపడటం వలన ఈ పద్ధతి విద్యార్థులలో ప్రచారం పొందింది.

2004లో ఇంటెల్ సంస్థ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తయారీ ఆలోచనను విరమించుకున్నది. 2005 నుండి వేగం పెంచడానికి బదులు ఒకే చిప్‌లో రెండు, ఆపై ఎక్కువ కోర్లను ఉంచే పద్ధతి డెస్క్‌టాప్‌లలోకి వచ్చింది. ఇప్పటి ప్రాసెసర్లు చల్లగా ఉన్నంతవరకు తమంతట తామే వేగం పెంచుకుంటాయి. దీనిని టర్బో లేదా బూస్ట్ అంటారు. కావున వినియోగదారు చేతికి మిగిలే అదనపు వేగం 1998 నాటితో పోలిస్తే చాలా తక్కువ.

ఎంపిక

టైపింగు, ఇంటర్నెట్, ప్రోగ్రామింగు నేర్చుకోవడం వంటి పనులకు సాధారణ స్థాయి ప్రాసెసర్ చాలును. ఇటువంటి పనులలో జాప్యానికి కారణం తరచుగా చాలీచాలని ర్యామ్ లేదా పాత హార్డ్ డిస్క్ అయి ఉంటుంది. ఎస్.ఎస్.డి. అమర్చిన మీదటనే ప్రాసెసర్ గురించి ఆలోచించడం మంచిది.

కొనే ముందు గమనించవలసినవి:

సాకెట్: ప్రాసెసర్, మదర్‌బోర్డు ఒకే సాకెట్‌కు చెందినవి కావలెను. ఏ.ఎం.డి. వారి ఏఎం4 సాకెట్ డీడీఆర్4 ర్యామ్‌ను, 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్ డీడీఆర్5 ర్యామ్‌ను మాత్రమే వాడుతుంది. ఇంటెల్ 12, 13, 14 తరాల సాకెట్‌లో బోర్డును బట్టి ఈ రెండింటిలో ఏదో ఒకటి ఉంటుంది.

పేరు చివరి అక్షరం: ఇంటెల్‌లో 'ఎఫ్' ఉన్నచో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు, వేరే గ్రాఫిక్స్ కార్డు కొనవలెను. 'కె' ఉన్నచో గుణకం తెరిచి ఉంటుంది, కాని సాధారణంగా కూలర్ వెంట రాదు. పైగా వేగం పెంచడానికి ధర ఎక్కువైన 'జడ్' తరగతి బోర్డు అవసరం. ఏ.ఎం.డి. రైజెన్ ప్రాసెసర్లలో చాలావరకు గుణకం తెరిచే ఉంటుంది, మధ్యస్థ ధర 'బి' తరగతి బోర్డు సరిపోతుంది.

వాట్లు: పెట్టెపై ముద్రించిన వాట్లే గరిష్ఠం కాదు. కోర్ ఐ5-12400 మూల విద్యుత్తు 65 వాట్లు. టర్బోలో గరిష్ఠం 117 వాట్లు. 65 వాట్ల రైజెన్ 88 వాట్ల వరకు తీసుకుంటుంది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వారికి విడిభాగాల పెద్ద బజారులలో దగ్గరిది చెన్నైలోని రిచీ స్ట్రీట్. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కూడా ఇటువంటిదే. పాత ప్రాసెసర్ కొనేటప్పుడు అది ఎట్లా వాడబడినదో విచారించాలి. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అస్థిరంగా మారినవి. హెచ్చు వోల్టేజి వలన ఇట్లు జరిగినదని సంస్థ ప్రకటించి, మైక్రోకోడ్ సవరణను విడుదల చేసి, వారంటీని రెండు సంవత్సరాలు పొడిగించింది. ఈ తరాల చిప్ కొన్నవారు మొదట మదర్‌బోర్డు బయాస్‌ను నవీకరించుకోవలెను.

శీతలీకరణ

కూలర్‌లో హీట్‌సింక్, ఫ్యాను ఉంటాయి. ప్రాసెసర్ మూతకు, హీట్‌సింక్‌కు మధ్య కంటికి కనబడని ఎగుడుదిగుడులలో గాలి నిలుస్తుంది. గాలి ఉష్ణాన్ని సరిగా ప్రసరింపజేయదు. కావున అక్కడ థర్మల్ పేస్ట్‌ను పలుచగా పూస్తారు. పేస్ట్ కూడా లోహమంత మంచి వాహకం కాదు గనుక మందంగా పూయరాదు. కొన్నేళ్ళకు ఎండిపోయినచో తుడిచి, కొత్తది పూయవలెను.

ఒక కూలర్ సామర్థ్యాన్ని వాట్‌కు ఎన్ని డిగ్రీలు అని కొలుస్తారు. ఉదాహరణకు వాట్‌కు 0.4 డిగ్రీల కూలర్‌పై 88 వాట్ల ప్రాసెసర్, గది కంటే సుమారు 35 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. వేడిని 33 శాతం పెంచే ఓవర్‌క్లాకింగ్‌లో 117 వాట్లకు ఈ తేడా 47 డిగ్రీలు.

22 డిగ్రీల గదిలో: సాధారణంగా 57, ఓవర్‌క్లాక్ చేసినచో 69 డిగ్రీలు.
38 డిగ్రీల గదిలో: సాధారణంగా 73, ఓవర్‌క్లాక్ చేసినచో 85 డిగ్రీలు.

చల్లని గదిలో ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్ కంటే వేడి గదిలో ఏమీ చేయని ప్రాసెసరే ఎక్కువ వేడిగా ఉన్నదని గమనించవచ్చు. పెట్టె లోపలి గాలి గది గాలి కంటే మరికొన్ని డిగ్రీలు వేడిగా ఉంటుంది గనుక నిజమైన అంకెలు ఇంకా పెరుగుతాయి. రైజెన్ 7000 శ్రేణిలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు, ఇంటెల్ 12, 13 తరాలకు 100 డిగ్రీలు. ఆ పరిమితిని తాకినచో ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అనగా పెంచిన వేగం మధ్యాహ్నానికి చేజారిపోతుంది.

తిరుపతిలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. సుమారు 700 మీటర్ల ఎత్తున గల మదనపల్లె కొంత చల్లన. మిద్దె పైకప్పు కింది గదులు రాత్రి కూడా వేడిగానే ఉంటాయి గనుక కంప్యూటరును కింది గదిలో, గోడకు జానెడు దూరంలో ఉంచడం మేలు. ముందు నుండి గాలి లోపలికి, వెనుక నుండి బయటకు పోయేటట్లు ఫ్యానులను అమర్చవలెను. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పేరుకోకుండా అప్పుడప్పుడు శుభ్రం చేయాలి.

నీటితో పనిచేసే కూలర్లు వేడిని త్వరగా రేడియేటర్‌కు చేరవేస్తాయే గాని, ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే చల్లబరచలేవు.

ఓవర్‌క్లాకింగ్ విధానం

బయాస్‌లో గుణకాన్ని ఒక్కొక్క మెట్టు పెంచుతూ, ప్రతి మెట్టులో ప్రైమ్95 వంటి ప్రోగ్రాముతో భారం మోపి, ఉష్ణోగ్రతను గమనిస్తారు. కంప్యూటరు ఆగిపోయినచో ఒక మెట్టు దిగవలెను, లేదా వోల్టేజిని స్వల్పంగా పెంచవలెను. అసలు తెరపై బొమ్మ రానిచో, విద్యుత్తు తీసివేసి, మదర్‌బోర్డుపై గల నాణెం ఆకారపు బ్యాటరీని కొద్దిసేపు తొలగించినచో పాత అమరికలు తిరిగి వస్తాయి. జనవరిలో నిలకడగా ఉన్న అమరిక రోహిణి కార్తెలో నిలవకపోవచ్చును. కావున చివరి పరీక్షను వేసవి మధ్యాహ్నం చేయడం ఉత్తమం. ఓవర్‌క్లాకింగ్ వలన వారంటీ వర్తించకపోవచ్చునని గుర్తుంచుకోవలెను.

పరీక్షించిన ఎస్.ఎం.పి.ఎస్. లేకుండా ఈ ప్రయత్నం తగదు. 80 ప్లస్ గుర్తు దక్షతను తెలుపుతుంది. విద్యుత్తు పోయే చోట యు.పి.ఎస్. అవసరం. సాధారణ 600 వోల్ట్ ఆంపియర్ల యు.పి.ఎస్. సుమారు 360 వాట్లు మాత్రమే ఇస్తుంది.

అండర్‌వోల్టింగ్

వేగం మార్చకుండా వోల్టేజిని మాత్రమే తగ్గించడాన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. వోల్టేజి 10 శాతం తగ్గినచో వేడిలో ప్రధాన భాగం 19 శాతం తగ్గుతుంది. అన్ని చిప్‌లు ఇంత తగ్గింపును భరించవు గనుక దీనిని కూడా మెట్లు మెట్లుగా పరీక్షించాలి. కొన్ని మదర్‌బోర్డులు దీనిని అనుమతించవు.

ఖర్చు, ప్రయోజనం

పై ఉదాహరణలోని అదనపు 29 వాట్లు రోజుకు ఐదు గంటల చొప్పున నెలకు సుమారు 4 యూనిట్లు. అసలు భారం కరెంటు బిల్లు కాదు. ఓవర్‌క్లాకింగ్‌కు కావలసిన మంచి బోర్డు, పెద్ద కూలర్, గట్టి ఎస్.ఎం.పి.ఎస్.ల ధర. ఆ తేడా సొమ్ముతో తరచుగా ఒక మెట్టు పై ప్రాసెసర్‌నే కొనవచ్చు. పరిమిత సొమ్ము గలవారు వేడి ప్రాంతంలో మొదట ర్యామ్, ఎస్.ఎస్.డి., పిదప నమ్మకమైన ఎస్.ఎం.పి.ఎస్., ఆపై గాలి బాగా ఆడే పెట్టె, కూలర్ సమకూర్చుకొనుట మేలు. ఇవన్నీ ఉన్న తరువాత మిగిలిన చల్లదనంలో బూస్ట్ వేగాన్ని ప్రాసెసర్ తానే వాడుకుంటుంది.