మీకు తెలుసా? కోసిన కొమ్మకును దాహమున్నది

బడంగ్‌పేట్ ఇండ్ల పెరళ్లలో పూచిన బంతి, చేమంతి, నేలసంపెంగలను, వాటికి తోడుగా రంగురంగుల క్రోటన్ ఆకులను పూలకూజాలో అమర్చునప్పుడు, తెగిన కాడల సూక్ష్మనాళములలోనికి గాలి చొరబడి జలప్రవాహమును నిరోధించుననియు, కాడ కొనను నీటిలో ముంచియుంచి, పదునైన కత్తితో ఏటవాలుగా మరల కోసినచో ఆ అవరోధము చాలవరకు తొలగుననియు మీకు తెలుసా?

• రాత్రి చల్లదనమున కాడలు నీటిని నింపుకొనును గనుక, వాటిని తెల్లవారుజామున కోయుట శ్రేయస్కరము.

• నీట మునుగు ఆకులు కుళ్ళి సూక్ష్మజీవులను వృద్ధిచేయును గనుక, వాటిని ముందే తుంచివేయవలెను.

• పండుచున్న అరటిపండ్లు వెలువరించు ఇథిలీన్ వాయువు అనేక పుష్పములను త్వరగా వాడజేయును గనుక, కూజాను పండ్లబుట్టకు దూరముగా నుంచవలెను.

• బతుకమ్మను పేర్చుటకు వాడు గునుగుపూవు మాత్రము, నీరు లేకున్నను, ఎండిన పిదప సైతము తన ఆకృతిని నిలుపుకొనును.