పశువుల ఆసుపత్రికి బుజ్జి పేషెంట్లు

పాడి గేదెల కోసం కట్టిన ఆసుపత్రుల మెట్లు ఇప్పుడు కుక్కపిల్లలూ పిల్లులూ ఎక్కుతున్నాయి. చిన్న పట్టణాల్లో వాటిని కాపాడుతున్న డాక్టర్లకు ఏం కావాలి? పెంచుకునేవాళ్లుగా మనం చేయాల్సిందేమిటి?

నరసరావుపేట కానీయండి, జగిత్యాల కానీయండి, పశువుల ఆసుపత్రి అనగానే గుర్తొచ్చేది ఆవరణలో ఇనుప గొట్టాలతో బిగించిన ట్రెవిస్. గేదెను అందులోకి తోలి, కదలకుండా నిలబెట్టి చూడి పరీక్ష చేస్తారు, సూది వేస్తారు. చుట్టూ పాడి ఉన్న ఊళ్లకు ఆ ఏర్పాటే సరిపోయేది. ఇప్పుడు ఉదయం ఓపీ వేళకు వెళ్లి చూడండి. ట్రెవిస్ పక్కనే తువ్వాలులో చుట్టిన కుక్కపిల్లతో ఒకావిడ, బుట్టలో పిల్లిని పెట్టుకొచ్చిన స్కూలు పిల్లాడు, లాబ్రడార్‌ను ఆటోలోంచి దించలేక అవస్థపడుతున్న పెద్దాయన.

ఆ పెద్దాయన కథ మన పట్టణాల్లో చాలా ఇళ్లది. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ముచ్చటపడి కొన్న కుక్క. అమెరికా ప్రయాణం ఖాయమయ్యాక అమ్మానాన్నల దగ్గరకు చేరింది. మొదట్లో ‘ఈ వయసులో మాకెందుకురా’ అని విసుక్కున్నవాళ్లే, ఇప్పుడు అది ఒక పూట తినకపోతే తామూ అన్నం ముట్టరు. డాక్టరు దాని పొట్ట నొక్కి చూస్తుంటే వీడియో కాల్‌లో కొడుకు నిద్రమానుకుని అడుగుతుంటాడు. పిల్లలు దూరమైన ఇంట్లో పొద్దున్నే లేపేది, సాయంత్రం నాలుగడుగులు నడిపించేది ఆ కుక్కే. దానికి చేసే వైద్యం ఆ ఇద్దరికీ చేసినట్టే అని నేను నమ్ముతాను.

ఒక్క సూది చాలదు

కుక్కపిల్లలకు పెద్ద గండం పార్వో. 1978లో ప్రపంచమంతా పాకిన ఈ వైరస్ వాంతులతో మొదలై నెత్తుటి విరేచనాల దాకా తెస్తుంది. పిల్లను బల్లమీద పడుకోబెట్టాక సాగే సంభాషణ దాదాపు ఒకేలా ఉంటుంది.

“ఎప్పట్నుంచమ్మా?”

“మొన్నట్నుంచి సార్. తగ్గుతుందేమోనని చూశాం.”

“టీకాలు వేయించారా?”

“అమ్మినాయన ఒకటి వేయించానన్నాడు సార్.”

ఆ ‘ఒకటి’ దగ్గరే ప్రాణం పోతోంది. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో కొన్ని వారాలు ఉంటుంది. అది ఉన్నన్నాళ్లూ టీకాను పనిచేయనివ్వదు. తర్వాత అదీ తరిగిపోతుంది. ఎప్పుడు తరిగిందో బయటికి తెలియదు కాబట్టే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. జబ్బు ముదిరాక డాక్టరు చేతిలో ఉండేవి సెలైను, వాంతులు ఆపే మందు, యాంటీబయాటిక్. మిగతాది పిల్ల ఓపిక. చనిపోతే ఆ వైరస్ నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది. బ్లీచింగ్‌తో కడగకుండా ఇంకో పిల్లను తెస్తే దానికీ అదే గతి.

తెలియక చేసే వైద్యం ఇంకో బాధ. పిల్లి ఒళ్లు కాలుతోందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేస్తారు. మన కాలేయం విరిచేయగలిగిన ఆ మందును పిల్లి కాలేయం విరవలేదు. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. అలాగే మంచుదేశపు బొచ్చుతో పుట్టిన హస్కీని తెచ్చి రెంటచింతల ఎండల్లో మేడమీద కట్టేయడం ప్రేమ కాదు. కుక్క ఒళ్లంతా చెమట పట్టించుకోలేదు, రొప్పుతూనే వేడి దించుకోవాలి.

రేబిస్ సంగతి వేరే చెప్పాలా? లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. 1885 జులై 6న లూయీ పాశ్చర్ ఒక బాలుడికి తొలిసారి రేబిస్ టీకా వేశాడు. అందుకే ఏటా ఆ రోజు జూనోసిస్ దినం పేరుతో మన పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. వీధికుక్కలకు అన్నం పెట్టేవాళ్లు వాటినీ ఆ రోజు పట్టుకెళ్తే వీధికంతటికీ మేలు.

ఈ ప్రాణాలు పోవడంలో డాక్టరు లోపం తక్కువ. అయిదున్నరేళ్ల చదువులో గేదెతో పాటు కుక్క, పిల్లి వైద్యమూ నేర్చుకునే వచ్చారు. చిన్న ఊళ్లలో తరచూ కొరవడేది రక్తపరీక్ష యంత్రం, ఎక్స్‌రే, స్కానింగ్, రాత్రిపూట తలుపు తీసే మనిషి. అవి లేకనే కాస్త కష్టమైన కేసును గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలలకు పంపుతారు. సెలైను మీదున్న కుక్కపిల్ల అన్ని గంటల ప్రయాణం తట్టుకోవద్దూ? పాడిరైతు వాటా తగ్గించకుండానే, ప్రతి నియోజకవర్గ కేంద్రంలో చిన్న జంతువులకంటూ ఒక గది, ఒక ల్యాబు ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు.

అంతదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. మీ ఇంట్లో కుక్కపిల్ల ఉంటే ఇవాళ దాని టీకా కార్డు తీసి తేదీలు చూడండి. కార్డే లేకపోతే, రేపు పొద్దున్నే మీ ఊరి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.