నైట్రో ఇంజిన్ బేరింగ్ నడిచేటప్పటి కన్నా పక్కన పెట్టాకే ఎక్కువ పాడవుతుంది

ఈ ఎపిసోడ్‌లో నైట్రో ఆర్‌సీ కార్ల గురించి, అందులోనూ ఇంజిన్ లోపల ఉండే రెండు బేరింగుల గురించి మాట్లాడుకుందాం. చూడ్డానికి చిన్నవే. కానీ వెనక బేరింగ్ ముక్కలైతే పిస్టన్, స్లీవ్ కూడా దాంతోపాటే పోతాయి. అంటే బేరింగ్ ఖర్చుతో పోయేది కాస్తా కొత్త ఇంజిన్ ఖర్చు దాకా వస్తుంది.

ముందు ఇవి ఎక్కడుంటాయో చూద్దాం. క్రాంక్‌షాఫ్ట్‌ని రెండు బేరింగులు పట్టుకుని ఉంటాయి. ఫ్లైవీల్ వైపు ఉండే చిన్నది ముందు బేరింగ్. పిస్టన్ కింద, క్రాంక్‌కేస్ లోపల ఉండే పెద్దది వెనక బేరింగ్. పాయింట్ 21 ఇంజిన్, అంటే దాదాపు 3.5 సీసీ ఇంజిన్ తీసుకుంటే, చాలావాటిలో ముందుది 7×19×6, వెనకది 14×25.4×6 మిల్లీమీటర్లు ఉంటుంది. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, ఇదీ వరుస. మీ ఇంజిన్ మాన్యువల్ చూసి సైజు ఖాయం చేసుకున్నాకే ఆర్డర్ పెట్టండి.

ఈ రెండింటి పనీ వేరు. ముందుదానికి బయటివైపు రబ్బరు సీల్ ఉంటుంది. దుమ్ము లోపలికి పోకుండా, గాలి లీక్ అవకుండా అది ఆపాలి. ఆ సీల్ పోతే ఇంజిన్ పక్క నుంచి గాలి పీల్చేస్తుంది. అప్పుడు ఐడిల్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది. కార్బురేటర్ నీడిల్ ఎంత తిప్పినా ట్యూనింగ్ నిలబడదు. వెనకది మాత్రం ఓపెన్‌గా ఉండాలి. ఎందుకంటే దానికి గ్రీజు ఉండదు, ఇంధనంలో కలిపిన ఆయిలే దాని తిండి. మిక్స్చర్ మరీ లీన్ చేస్తే ఇంధనంతో పాటు ఆయిల్ కూడా తగ్గిపోతుంది, బేరింగ్ ఎండిపోతుంది.

ఇప్పుడు కొనేటప్పుడు ఏం చూడాలి? ఏబెక్ 5, ఏబెక్ 7 అని పెద్ద అక్షరాలతో రాస్తారు కదా, అది కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నాయో చెప్పే నంబర్ మాత్రమే. ఎన్నాళ్లు మన్నుతుందో అది చెప్పదు. నేనైతే ముందు కేజ్ చూస్తాను. కేజ్ అంటే బాల్స్‌ని దూరం దూరంగా పట్టి ఉంచే రింగ్. ఇంజిన్ 36,000 ఆర్‌పీఎంలో ఉందంటే సెకనుకి 600 చుట్లు. ఆ వేగంలో రేకు ముక్కలు రెండు అతికించి చేసిన కేజ్ విరిగే ప్రమాదం ఉంది. విరిగిన ముక్క ఇంధనం వెళ్లే దారిలోనే పైకెళ్లి పిస్టన్‌ని గీకేస్తుంది. అందుకే వెనక బేరింగ్‌కి ఫినాలిక్ లాంటి ఒకే ముక్క కేజ్ ఉన్నది తీసుకోండి.

మరి సిరామిక్? అందులో బాల్స్ సిలికాన్ నైట్రైడ్‌తో చేస్తారు. స్టీలు బాల్‌తో పోలిస్తే బరువు సగం కన్నా తక్కువ, పైగా తుప్పు పట్టదు. బాగుంటుంది, కానీ రేటెక్కువ. ఒక మెలిక కూడా ఉంది: బాల్స్ సిరామిక్ అయినా, అవి తిరిగే రింగులు మామూలుగా స్టీలే. వాటికి తుప్పు పడుతుంది.

అసలు శత్రువు ఈ తుప్పే. నైట్రో ఇంధనంలో ఎక్కువ భాగం మెథనాల్. అది గాలిలోని తేమని లాగేసుకుంటుంది. ఆదివారం సాయంత్రం కారు ఆపి అలాగే పక్కన పెట్టేశారనుకోండి, లోపల మిగిలిన ఇంధనం వారమంతా స్టీలుని తింటూనే ఉంటుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

దీనికి మందు ఐదు నిమిషాల పని. చివరి రన్ అయ్యాక ట్యాంక్ ఖాళీ చేయండి. ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేసి, లోపల మిగిలింది కాలిపోయి దానంతట అదే ఆగేదాకా వదిలేయండి. తర్వాత ఆఫ్టర్ రన్ ఆయిల్ నాలుగైదు చుక్కలు కార్బురేటర్‌లో, రెండు చుక్కలు గ్లో ప్లగ్ రంధ్రంలో వేసి ఇంజిన్‌ని తిప్పండి, ఆయిల్ అంతటా పాకుతుంది.

అప్పుడప్పుడూ గ్లో ప్లగ్ తీసి ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా తిప్పి చూడండి. ఇసుక నలిగినట్టు గరగరలాడినా, షాఫ్ట్ పైకీ కిందికీ ఊగినా మార్చే టైమ్ వచ్చినట్టే. ఒక మాట, కంప్రెస్డ్ ఎయిర్ కొట్టి బేరింగ్‌ని గిర్రున తిప్పకండి. ఆయిల్ లేకుండా ఆ వేగంలో తిరిగితే మంచి బేరింగ్ కూడా పాడవుతుంది.

మార్చడానికి సుత్తి అక్కర్లేదు. ఇంజిన్ పూర్తిగా విప్పి, ఓ-రింగులతో సహా అన్నీ తీసి, ఇంధనం వాసన కూడా లేకుండా కడిగి ఆరబెట్టండి. మెథనాల్ విషం, దాని ఆవిరి అంటుకుంటుంది, కాబట్టి వంటకి వాడే ఓవెన్ వద్దు. వేరేగా పెట్టుకున్న ఓవెన్‌లో క్రాంక్‌కేస్‌ని 120 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయండి. అల్యూమినియం స్టీలు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే గ్లవుజులతో పట్టుకుని చెక్క మీద తడితే వెనక బేరింగ్ జారి వచ్చేస్తుంది. ముందుదాన్ని లోపలి నుంచి చెక్క పుల్లతో నెట్టండి. కొత్తవాటిని ముందే ఫ్రీజర్‌లో పెట్టి, వేడి కేస్‌లోకి నిటారుగా దింపండి. నొక్కాల్సి వస్తే బయటి రింగ్ మీదే నొక్కాలి. లోపలి రింగ్ మీద నొక్కితే బరువంతా బాల్స్ మీద పడి సొట్టలు పడతాయి.

ఖరీదైన బేరింగ్ వేసి ఆయిల్ వేయకుండా పడేసినవాళ్ల కన్నా, మామూలు బేరింగ్ వేసి ప్రతి రన్ తర్వాత నాలుగు చుక్కలు వేసేవాళ్ల ఇంజినే ఎక్కువ కాలం నడుస్తుంది. ఈ ఆదివారం కారు ఆపాక ఆ ఐదు నిమిషాలు కేటాయించండి.